వేరు పొయ్యిలు

ఫిబ్రవరి 9

మావయ్యా,

నువ్వు చెప్పినట్టే పైన తారీకు వేశా. ఫోన్లో మెసేజికి తారీకు దేనికి, అదే పడుతుంది కదా అంటే ఒప్పుకోవు. "ఉత్తరంలా రాస్తేనే జవాబు ఇస్తా" అన్నావు. సరే. తప్పులుంటే నవ్వకు, నేను చదివింది ఐదో క్లాసు దాకే.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాట రాదు, నీకు తెలుసు. షాపులో ఓనర్ నన్ను "మూగోడా" అనే పిలుస్తాడు. టైర్లకి పంక్చర్ వెయ్యడానికి మాటలు అక్కర్లేదు కాబట్టి నెట్టుకొస్తున్నా.

ఇది అమ్మ అడగమన్న సంగతి. అన్నని మన ఊరి జైలుకి మార్చడం కుదురుతుందా? డ్రైవర్ తాగి పడుకుంటే క్లీనర్ అయ్యుండి తను లారీ నడిపాడు, ఒక మనిషి పోయాడు. శిక్ష తప్పదు. అది అమ్మ కూడా ఒప్పుకుంది. "పడనీ, కానీ నా కళ్ళ ముందు పడనీ" అంటోంది. గుద్దింది నదికి మీ వైపు, మీ రాష్ట్రంలో. అందుకని మీ జైల్లో ఉన్నాడు. ఇదివరకు అమ్మ బస్సెక్కి వచ్చి చూసి వెళ్ళేది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. మెషిన్ మీద నుంచి లేచాక ఇంటికి రావడమే గగనంగా ఉంది.

నువ్వు సచివాలయంలో లిఫ్ట్ నడుపుతావు కదా, పెద్దవాళ్ళంతా నీ లిఫ్టే ఎక్కుతారు కదా, ఎవరినైనా అడుగు అంది.

ఉంటా,
చిన్నోడు


ఫిబ్రవరి 11

ఒరేయ్ చిన్నోడా,

మీ మావయ్య ఇక్కడ క్షేమం. మోకాళ్ళు తప్ప.

నీ ఉత్తరం బాగుంది. చూశావా, నోట్లోంచి రాని మాటలు వేళ్ళలోంచి ఎలా వస్తున్నాయో.

మంచి మనిషినే అడిగావు. జైళ్ళన్నీ హోం శాఖ కింద. హోం శాఖ మా బిల్డింగులో ఏడో అంతస్తు. ఆ పైన ఇంకెవరూ లేరు, నా లిఫ్ట్ అక్కడితో ఆగిపోతుంది. ఆ పైన నీళ్ళ ట్యాంకే. అక్కడ సంతకం పడిందంటే పెద్దోడు ఇంటికొచ్చినట్టే అని అక్కకి చెప్పు. తల్లికి ఒంట్లో బాగోలేదు, దగ్గర్లో ఉంచండి అని అర్జీ పెట్టిస్తా. ములాఖత్‌కి వెళ్ళినప్పుడు వాడి సంతకం తీసుకుంటా.

అక్క ఎలా ఉంది? నిజం రాయి.

మీ మావయ్య


ఫిబ్రవరి 12

మావయ్యా,

అమ్మ బాగుంది.

ఇంకో మాట అడగమంటోంది. వాణ్ణి ఇటు మార్చడం అంత పని అయితే తనే అటు వస్తుందట. "తమ్ముడింట్లో ఒక మూల చాలు, వాడి పెళ్ళాం మొహం ముడుచుకున్నా చూడనట్టు ఉంటాలే" అంది. ఇది రాయకు అని కూడా అంది. రాసేశా.

మీ దగ్గర ఆసుపత్రిలో మా కార్డు తీసుకుంటారా?

చిన్నోడు


ఫిబ్రవరి 15

చిన్నోడా,

మీ అత్త ఆ మాట చదివి నవ్వింది. "నా మొహం పుట్టుకతోనే అంత, వదినని రమ్మను" అంది.

కానీ రాకూడదురా. ఆసుపత్రికి వెళ్ళి అడిగా. మీ కార్డు ఇక్కడ చెల్లదు. డబ్బులు లేకుండా రక్తం కడగడం మీ రాష్ట్రం పెట్టుకున్న పథకం. మా రాష్ట్రంలో అది లేదు. మా వాళ్ళు పొలాలకి కరెంటు ఊరికే ఇస్తారు, దీనికి మాత్రం ఇవ్వరు.

ఒకే దేశం కదా ఇదేంటి అని నువ్వు అడుగుతావని తెలిసి ముందే చెప్తున్నా. మీ తాతయ్య ఇల్లు గుర్తుందా? కొడుకులందరికీ వేరు పొయ్యిలు పెట్టించాడు. బావి, వీధి గేటు, బయటివాళ్ళతో గొడవలు ఆయన చూసుకునేవాడు. ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో అడిగేవాడు కాదు. ఎవరెవరికి ఏ పని అని ముందే రాసుకున్నారు కాబట్టి కొట్టుకోలేదు. దేశానికీ అలాంటి రాత ఉంది, రాజ్యాంగం అని. బావి, గేటు కేంద్రానివి. ఆసుపత్రి, పోలీసు, జైలు ఏ పొయ్యివి ఆ పొయ్యివే.

తిట్టుకోకు. ఆ వేరు పొయ్యి వల్లే మీ అమ్మ బతికుంది. అందరికీ ఒకటే వంట అయితే మా వాళ్ళకి లేనిది మీకూ ఉండేది కాదు.

మీ మావయ్య


ఫిబ్రవరి 17

మావయ్యా,

అమ్మకి చదివి వినిపించా. "మా నాన్న ఇంట్లో పొయ్యిలు వేరే గానీ, పిల్లలు ఏ పొయ్యి దగ్గర ఆకలేస్తే ఆ పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళు. అది కూడా రాశారేమో చూడమను ఆ రాతలో" అంది.

నాకూ అదే అనిపించింది. కూర సంగతి సరే. పిల్లాడి సంగతి కూడానా?

అమ్మ బాగుంది.

చిన్నోడు


మార్చి 30

చిన్నోడా!

పడిందిరా సంతకం! ఏడో అంతస్తులో, నేను లిఫ్ట్ తలుపు పట్టుకుని నిలబడి ఉండగా, గుమాస్తా ఫైలు చూపించి కన్ను కొట్టాడు. పెద్దోడిని మీ ఊరి జైలుకి పంపడానికి మా ప్రభుత్వానికి అభ్యంతరం లేదట. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఒకాయన మూడులో దిగాలంటే ఐదు దాకా తీసుకెళ్ళి తిట్లు తిన్నా.

ఆదివారం ములాఖత్‌లో పెద్దోడికి చెప్పా. అద్దం అవతల గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఇటు తిరిగి, "అమ్మకి జైలు భోజనం బాగుంటుందని చెప్పు మావయ్యా, లేకపోతే క్యారేజీలు కట్టుకుని తిరుగుతుంది" అన్నాడు.

అక్క చెవిలో నువ్వే వెయ్యి. నోటితో చెప్పు, సిగ్గుపడకు.

మీ మావయ్య


ఏప్రిల్ 19

మావయ్యా,

నోటితోనే చెప్పా. "మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పా. మంచం తలుపు దగ్గరికి జరిపించుకుంది, వీధి కనపడాలని. వాడు వచ్చేది ఇంటికి కాదమ్మా, జైలుకి అంటే, "తెలుసులే, జైలుకి వెళ్ళే రోడ్డు ఇదేగా" అంది. పోలీసు వ్యాను వెళ్తే చాలు, లేచి కూర్చునేది.

రాలేదు. అడుగుదామని ఇక్కడి జైలుకి వెళ్ళా. గేటు దగ్గర గొంతు పెగల్లేదు. రెండుసార్లు వెనక్కొచ్చేశా. మూడోసారి ఫోన్లో టైపు చేసి సెంట్రీకి చూపించా. ఆయన మంచోడు, లోపల కనుక్కుని వచ్చి చెప్పాడు. పంపేవాళ్ళు ఒప్పుకుంటే చాలదట. తీసుకునేవాళ్ళు కూడా ఒప్పుకోవాలట. మా ప్రభుత్వం దగ్గర ఈ కాగితం ఇంకా కట్టలోనే ఉందట.

నీకు తెలీదా మావయ్యా? అయిపోయిందని ఎందుకు చెప్పావు? అమ్మ ఇప్పుడు మంచం మళ్ళీ గోడ వైపు వేయించుకుంది. అదే బాగోలేదు.

చిన్నోడు


ఏప్రిల్ 20

చిన్నోడా,

తెలీదురా. నా బుద్ధి నా లిఫ్ట్ ఎక్కినంత వరకే. పైకి పోతూ ఉంటే అన్నిటికన్నా పై సంతకం దొరుకుతుందనుకున్నా. నదికి అవతల ఇంకో బిల్డింగు ఉందని, అదీ దీనంతే ఎత్తని, దీని మాట దానికి, దాని మాట దీనికి చెల్లదని తట్టలేదు.

అయితే ఇద్దరికీ పైనున్నాయన చెప్తే వింటారు కదా అని కేంద్రానికి అర్జీ రాయించా. జవాబు వచ్చాక చెప్తా.

అక్క ఒంట్లో బాగుందన్నావు కాబట్టి కాస్త ధైర్యంగా ఉన్నా. కొన్నాళ్ళు ఓపిక పట్టమను.

మీ మావయ్య


మే 22

చిన్నోడా,

కేంద్రం నుంచి జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. జైళ్ళు రాష్ట్రాల విషయమట, మేం కలగజేసుకోలేమట, మీ రాష్ట్రాన్నే అడగమన్నారు.

గేటు తాళం ఆయన దగ్గరే ఉన్నా, పొయ్యి దగ్గరికి రాడన్నమాట. రాకూడదని రాసుకున్నాం మరి. వస్తే ఈ ఒక్కసారి మనకి మంచిదే, రేపు ఇంకెవరి కూరలోనో ఉప్పు పోసేస్తాడు. నాకు అర్థమవుతూనే ఉంది. అర్థమైన కొద్దీ ఒళ్ళు మండిపోతోంది.

మీ వాళ్ళని కదిలించరా. ఏం కావాలో అడుగు.

మీ మావయ్య


మే 29

మావయ్యా,

ఓనర్ని తోడు తీసుకుని మా సచివాలయానికి వెళ్ళా. నేను టైపు చేస్తే ఆయన చదివాడు. "మా మూగోడు బాగా రాస్తాడండీ" అని అందరికీ చెప్పాడు. సిగ్గేసింది.

వాళ్ళు డాక్టర్ కాగితం అడిగారు. జైళ్ళు నిండిపోయాయట, ఊరికే బాగోలేదంటే తీసుకోరట, తల్లి ఇంక ఎన్నాళ్ళో బతకదని డాక్టర్ రాసివ్వాలట. అప్పుడు ముందు వరసలో పెడతారట.

అమ్మ ససేమిరా అంది. "ఆ కాగితం జైలుకి కూడా పోతుంది. నేను చచ్చిపోతున్నానని వాడు గోడల మధ్య కూర్చుని చదవాలా? వద్దు. మామూలు వరసలోనే రానీ" అంది. నేనేం చెప్పినా వినట్లేదు. నువ్వు చెప్పినా వినదు.

చిన్నోడు


మే 30

చిన్నోడా,

నాకు అర్థం కాని మాట ఒకటుంది. డాక్టర్ అలాంటి కాగితం రాసిచ్చే స్థితిలో అక్క ఉందా? ప్రతిసారీ బాగుంది, బాగుంది అని రాస్తున్నావు. బాగుందనే నేను నెమ్మదిగా తిరిగా. అర్జంటు అని ఎక్కడా రాయించలేదు.

నిజం రాయరా.

మావయ్య


మే 30

మావయ్యా,

అమ్మ పక్కన కూర్చుని రాయించేది. ఇప్పుడు నిద్రపోతోంది కాబట్టి రాస్తున్నా.

బాగోలేదు. మెషిన్ మీద ఉండగా రెండుసార్లు స్పృహ తప్పింది. నన్ను అన్న పేరు పెట్టి పిలుస్తోంది. నేను పలుకుతున్నా.

నీకు చెప్తే నువ్వు అన్నకి చెప్తావని తన భయం. నీ మొహం అద్దంలాంటిదట.

నువ్వు మాత్రం ఏం తిరిగావు? రోజూ పెద్దవాళ్ళని పైకీ కిందకీ మోస్తావు. మా వాళ్ళకి ఒక్క ఫోన్ చేయించలేకపోయావు.

చిన్నోడు


జూన్ 8

చిన్నోడా,

ఇన్నాళ్ళూ జవాబు ఇవ్వలేదు. కోపం కాదు.

మార్చిలో సంతకం పడిన వారానికే నన్ను లిఫ్ట్ నుంచి తీసేశారు. సెక్రటరీ గారిని లిఫ్టులో ఆపి పెద్దోడి కోసం బతిమాలేవాణ్ణి, దానికి. ఇప్పుడు మెట్లు ఊడుస్తున్నా. పెద్దవాళ్ళు మెట్లెక్కరు. నీకు చెప్పడానికి సిగ్గేసింది.

అక్కతో నిన్న ఫోన్లో మాట్లాడా. తిట్టింది. తిట్టనిచ్చా. చివర్లో, "కాగితం రాయించుకుంటాలే, కానీ వాడికి చూపించకండి" అంది. రేపే రాయించు. ఆలస్యం చెయ్యకు.

మావయ్య


జూన్ 14

మావయ్యా,

డాక్టర్ శుక్రవారం రాసిచ్చాడు. అప్పుడే ఇచ్చేశా. సోమవారం చూస్తామన్నారు.

ఇవాళ ఆదివారం. అమ్మ పొద్దున పోయింది.

నేను పక్కనే ఉన్నా. నీళ్ళు అడిగింది, తాగలేదు.

ఏం చెయ్యాలో చెప్పు.


జూన్ 14

చిన్నోడా, జైలు సూపరింటెండెంట్ ఇంటికే వెళ్ళి కాళ్ళ మీద పడ్డా. తల్లి పోతే పెరోల్ ఇచ్చే అధికారం ఆయనదేనట, ఇంకెవరినీ అడగక్కర్లేదట. గంటలో సంతకం పెట్టాడు. పెద్దోడు పోలీసు వ్యానులో వస్తున్నాడు. నేను బస్సెక్కేశా. ఫోన్లో చార్జింగ్ అయిపోతోంది. అక్కని ఇంట్లోనే ఉంచండి, వస్తున్నాం.


జూన్ 14

మావయ్యా ఇంటికి రాకు. వంతెన దగ్గర దిగు. మీ వైపు పోలీసులు ఫోన్ చేశారు. వాళ్ళ అధికారం వంతెన మధ్య వరకేనట. అక్కడి నుంచి మా పోలీసులు తీసుకోవాలట, ఆదివారం కదా, వీళ్ళకి ఆర్డర్ లేదట. అందుకని అమ్మనే వ్యానులో వంతెన మీదికి తీసుకెళ్తున్నాం. ఓనర్ వ్యాను తెచ్చాడు. మావయ్యా చూశావా? మెసేజ్ పోవట్లేదు.


జూన్ 25

మావయ్యా,

నువ్వు ఇక్కడున్నన్ని రోజులూ అడిగావు, వంతెన మీద ఏం జరిగిందని. నీ ఎదురుగా కూర్చుంటే చెప్పలేకపోయా. నువ్వు వెళ్ళాక రాస్తున్నా.

వంతెన మధ్యలో తెల్ల గీత ఉంది. ఒక బోర్డు మీద ఇటు సగం మా రాష్ట్రం నుంచి వీడ్కోలు, అటు సగం మీ రాష్ట్రానికి స్వాగతం. గీతకి అవతల పోలీసు వ్యాను ఆగి ఉంది. అన్న కిందకి దిగి నిలబడ్డాడు. చేతికి బేడీ, ఇంకో కొస కానిస్టేబుల్ చేతికి. జుట్టు కత్తిరించేశారు, చిన్నపిల్లాడిలా ఉన్నాడు. గీత ఇవతల అమ్మని స్ట్రెచర్ మీద దించి మేం ఆగాం. మధ్యలో మన గది పొడవంత ఉంటుంది దూరం.

ఎస్సై ఒకావిడ. "బాబూ, నా చేతుల్లో లేదు. అతను ఈ గీత దాటితే నా కస్టడీలోంచి పారిపోయినట్టు లెక్క. ఇక్కడి నుంచే చూడమను" అంది. ఓనర్ గొడవ పెట్టుకున్నాడు. ఆవిడ తల దించుకుని వింది గానీ కదల్లేదు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి.

అన్నకి అమ్మ మొహం కనపడట్లేదు. మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాడు.

అప్పుడు నాకు మాట వచ్చింది. ఎలా వచ్చిందో తెలీదు.

"మేడమ్, అన్న దాటకూడదు. అమ్మ దాటొచ్చా?" అన్నా.

ఆవిడ టోపీ తీసి చంకలో పెట్టుకుంది. "ఆవిడ్ని ఎవరాపుతారు బాబూ" అంది.

స్ట్రెచర్ ఒక వైపు నేనూ ఓనరూ పట్టుకున్నాం. రెండో వైపు కానిస్టేబుళ్ళే వచ్చి పట్టుకున్నారు. గీత దాటించి కింద పెట్టాం. అమ్మ మీ రాష్ట్రానికి వచ్చింది మావయ్యా. కార్డు ఎవరూ అడగలేదు.

అన్న కూర్చుని అమ్మ కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఇంత తేలికైపోయిందేంట్రా" అన్నాడు. తర్వాత, "నాకేమన్నా చెప్పమందా?" అని అడిగాడు. డాక్టర్ కాగితం సంగతి చెప్పకూడదు కదా. "బాగున్నానని చెప్పమంది" అన్నా. అన్న నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు.

చీకటి పడకముందే వాణ్ణి తీసుకెళ్ళిపోయారు. మేం వెనక్కి వచ్చేసరికి నువ్వు మన గుమ్మంలో కూర్చుని ఉన్నావు.

చిన్నోడు


జూన్ 27

చిన్నోడా,

చదివా. మీ అత్తకి చదివి వినిపించబోయి ఆగిపోయా.

నీకు చెప్పనిది నాకూ ఒకటుంది. ఆ రోజు నా బస్సు వంతెన మీద నెమ్మదించింది. కిటికీలోంచి చూశా. పోలీసు వ్యాను, జనం, నేల మీద దుప్పటి కప్పి ఎవరో. "యాక్సిడెంట్ లాగుంది, ఇంక మనకి లేటే" అని పక్క సీటాయనతో విసుక్కున్నా. ఎవరి తల్లో అని కూడా అనుకోలేదు. మా అక్క పక్క నుంచి విసుక్కుంటూ వెళ్ళిపోయానురా.

ఇంకో సంగతి. మీ ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది. పెద్దోడిని తీసుకోవడానికి ఒప్పుకున్నారు, తల్లి అనారోగ్యం కారణంగా అట. నీకు ఫోన్ చేసి అడుగుతారు, తల్లి ఉందా అని. ఉందను. ఒక్క మాటే. వాడు నీ దగ్గరికి వచ్చేస్తాడు. నీకింకెవరున్నారు అక్కడ?

మావయ్య


జూలై 2

మావయ్యా,

ఫోన్ చేశారు. "అమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడిగారు.

లేదండీ, పోయింది అని చెప్పా.

"అయితే కారణం లేదు కదా, ఫైలు మూసేస్తాం" అన్నారు. సరే అన్నా.

చిన్నోడు


జూలై 2

ఎందుకు చెప్పావురా? పుట్టినప్పటి నుంచీ రాని నోరు ఇప్పుడే రావాలా నీకు? నేను ఎన్ని మెట్లెక్కి దిగానో తెలుసా దానికోసం?


జూలై 3

మావయ్యా,

అమ్మ బాగుంది అని చాలాసార్లు రాశాను. ఇంక ఒక్కసారి కూడా అనలేను.

తిట్టు. అమ్మలాగే నన్ను కూడా తిట్టే మనిషి ఒకరు ఉండాలి కదా.

చిన్నోడు


జూలై 12

మావయ్యా,

బస్సులోంచి రాస్తున్నా. తారీకు వేశా చూడు.

నువ్వు తాతయ్య ఇంటి గురించి చెప్పింది మళ్ళీ మళ్ళీ చదివా. పొయ్యిలు వేరే గానీ గేటు అందరిదీ అన్నావు. నాకు కార్డు లేదు, కేసు లేదు, రోగం లేదు. ఈ దేశంలో నన్ను ఇటు నుంచి అటు పోవద్దనేవాడు లేడు. అన్న ఇటు రాలేడు. నేను అటు రావడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఇది ముందే తట్టలేదు మనకి. అమ్మ ఉన్నప్పుడు తట్టినా తనని వదిలి వచ్చేవాణ్ణి కాదనుకో.

ఓనర్ మీ ఊళ్ళో జైలు రోడ్డులో టైర్ల షాపు ఉన్న వాళ్ళ బావమరిదికి ఫోన్ చేశాడు. "మా మూగోడు వస్తున్నాడు, మాట్లాడతాడు, కంగారు పడకు" అన్నాడు. ఎక్కించేటప్పుడు మొహం అటు తిప్పుకున్నాడు. కండక్టర్‌కి మీ ఊరి పేరు నేనే నోటితో చెప్పి టిక్కెట్ తీసుకున్నా.

ఇప్పుడే వంతెన దాటింది. డ్రైవర్ ఆపలేదు, ఎందుకు ఆపుతాడు. నేను కిటికీలోంచి వంగి చూశా. టైర్లు తిరిగీ తిరిగీ ఆ గీత రంగు చాలావరకు పోయింది మావయ్యా. అక్కడ ఉందని తెలిసినవాళ్ళకి తప్ప కనపడదు.

ఏ స్టాపులో దిగాలో చెప్పు.

చిన్నోడు